టీ తాగుతూ అడుగుదాం: టీచింగ్ అసిస్టెంట్ల యూనియన్‌లో ప్రశ్నల సాయంత్రం పెట్టడం ఎలా?

నెలకు ఇద్దరైనా ఫోన్ చేస్తున్నారు. "అన్నా, తిరుపతిలో మీరు టీఏలందర్నీ కూర్చోబెట్టి ప్రశ్నలూ జవాబులూ పెడతారంట కదా, మా క్యాంపస్‌లో కూడా పెట్టాలని ఉంది, యాడ మొదలుపెట్టాల?" అని. అందరికీ విడివిడిగా అరగంట చెప్పలేక ఒకసారి రాసిపెడుతున్నాను. నేను ఇలాంటివి ఏడెనిమిది నడిపాను. మొదటి రెండూ గోవిందా. ఎందుకు పోయాయో కూడా కింద చెప్తాను.

టీఏ అంటే ఇక్కడ ఒక్క రకం మనిషి కాదు. ఆర్డర్ మీద టీచింగ్ అసిస్టెంట్ అని ఉన్నవాళ్లు, అకడమిక్ కన్సల్టెంట్లు, పీరియడ్ లెక్కన వచ్చే గెస్ట్ ఫ్యాకల్టీ, పీహెచ్‌డీ చేస్తూ ల్యాబ్ క్లాసులు చూసే స్కాలర్లు, అందరూ వస్తారు. ఒకరి జవాబు ఇంకొకరికి పనికిరాదు. ఈ సంగతి మర్చిపోతే సాయంత్రమంతా గందరగోళమే.

ఏమేం కావాలి

ముప్పై నలభై మందికి ఇది సరిపోతుంది:

- ముగ్గురు మనుషులు. ఒకరు నడపడానికి, ఒకరు రాయడానికి, ఒకరు టీ, కుర్చీల సంగతి చూడటానికి. ఒకే మనిషి మూడూ చేస్తానంటే ఒప్పుకోకండి.
- మూత ఉన్న అట్టపెట్టె ఒకటి, పైన చీటీ పట్టేంత సందు.
- రెండు రంగుల చీటీలు. పసుపు, తెలుపు అనుకుందాం. ఎందుకో నాలుగో మెట్టులో చెప్తాను.
- రెండొందల పేజీల నోట్‌బుక్. విడి కాగితాలు వద్దు, పోతాయి.
- జవాబుల కాగితం, ఒక్క పేజీ, నలభై జిరాక్స్ కాపీలు.
- టీ ఫ్లాస్కు, పేపర్ కప్పులు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, తినడానికి మసాలా వడలో బొరుగులో.
- గోడ గడియారం, లేదా అందరికీ కనబడేలా నిలబెట్టిన ఫోన్.

అక్కర్లేనివి కూడా చెప్పాలి. మైకు అక్కర్లేదు. నలభై మందికి మైకు పెడితే పట్టుకున్నవాడికి ఉపన్యాసం పుట్టుకొస్తుంది. ఫ్లెక్సీ, శాలువా, దండ, వేదిక ఏవీ వద్దు. ముఖ్య అతిథి అసలే వద్దు.

మెట్టు 1: ఇది దేనికోసమో ఒక్క వాక్యంలో రాసుకోండి

"మన పని గురించి ఎవరికి ఏ అనుమానం ఉన్నా అడగొచ్చు, తెలిసింది చెప్తాం, తెలియంది కనుక్కుని ఫలానా తేదీకి చెప్తాం." ఇంతే. ఇక్కడ తీర్మానాలు చేయరు. ఎన్నికలు, చందా వసూళ్లు ఉండవు. సభ్యులు కానివాళ్లు కూడా రావచ్చు. జనరల్ బాడీ మీటింగును, దీన్ని ఒకే సాయంత్రంలో ఇరికించకండి. మా మొదటిది పోయింది అందుకే. "ఎలాగూ అందరూ వస్తున్నారు, పనిలో పనిగా కొత్త కార్యవర్గాన్ని కూడా ఎన్నుకుందాం" అన్నారు ఎవరో. రెండు వర్గాలు వచ్చాయి, రెండు మూలల్లో కూర్చున్నాయి. అనుమానాలు అడగడానికి వచ్చిన కొత్త పిల్లలు టీ తాగి వెళ్లిపోయారు.

మెట్టు 2: రోజు, వేళ, చోటు

శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర దాకా మాకు బాగా కుదిరింది. చంద్రగిరి, పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లు ఉంటారు, వాళ్ల బస్సులు చూసుకోవాలి. హాస్టల్లో ఉండే అమ్మాయిలు వేళకు గేటు లోపల ఉండాలి. ఆరు దాటించకండి. గంటన్నర కన్నా ఎక్కువైతే ఎలాగూ మాటలు మొదటికే వస్తాయి.

నెలలో ఎప్పుడన్నది కూడా ముఖ్యమే. జీతం పడని నెలలో పెడితే అడిగేది ఒకే ప్రశ్న. జీతం పడిన వారంలో పెడితే మిగతా ప్రశ్నలు బయటికొస్తాయి. సెమిస్టర్ పరీక్షలూ స్పాట్ వాల్యుయేషనూ నడుస్తున్నప్పుడు పెట్టకండి. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులు, మేలో గంగజాతర వారం ఊళ్లో కదలడమే కష్టం, వదిలేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వాన. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎట్ల పారాయో చూసినవాళ్లు ఆ నెలల్లో చెట్టు కింద పెడదామనరు. పైకప్పు ఉన్న చోటు చూసుకోండి.

చోటుకు మూడు దారులున్నాయి. క్యాంపస్‌లో సెమినార్ హాలు దొరికితే మంచిది. వారం ముందే కాగితం పెట్టి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. "నోటిమాట చాల్లే" అన్న పెద్దమనిషి ఆ రోజు ఊళ్లో ఉండడు, తాళం వాచ్‌మన్ దగ్గర ఉండదు. రెండోది, డిపార్ట్‌మెంటు ముందు చెట్ల నీడన జంఖానా పరుచుకుని కూర్చోవడం. చలికాలంలో, వాన లేని రోజున దీన్ని మించింది లేదు. మూడోది, క్యాంపస్ బయట ఎవరి మేడ మీదో, చిన్న ఫంక్షన్ హాల్లోనో. అనుమతి రాకపోయినా, "ఎవరు ఎవరితో కూర్చున్నారో పైకి తెలుస్తాది" అని జనం జంకుతున్నా మూడోదానికే పొండి. ఆరుబయట, రోడ్డుకు కనబడే చోట పెడితే మాత్రం ఊళ్లో పోలీసు యాక్టు సెక్షన్ 30 (సభలకు ముందే అనుమతి తీసుకోమనేది) అమల్లో ఉందేమో కనుక్కుని, స్టేషన్‌లో ముందే ఒక కాగితం ఇచ్చి రండి.

హెచ్‌వోడీ (డిపార్ట్‌మెంటు అధిపతి) గది పక్కన ఉండే హాలు ఉచితంగా వచ్చినా తీసుకోకండి. అక్కడ ఎవరూ నోరు విప్పరు.

మెట్టు 3: పిలుపు

వాట్సాప్‌లో పంపే మాట నాలుగు పంక్తులు దాటకూడదు. మేం పంపింది ఇలా ఉండేది: "శనివారం నాలుగింటికి టీ తాగుతూ మాట్లాడుకుందాం. రెన్యువల్, జీతం, సెలవులు, వర్క్‌లోడ్, ఏదైనా అడగండి. పేరు చెప్పక్కర్లేదు. ఐదున్నరకి లేచిపోతాం."

చివరి వాక్యం తీసేయకండి. జనాన్ని రప్పించేది అదే.

గ్రూపులో పెట్టి ఊరుకుంటే పదిమంది బొటనవేలు చూపిస్తారు, ముగ్గురు వస్తారు. ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో ఒకరిని పట్టుకుని "నువ్వొక ఇద్దర్ని తీసుకురా" అని మనిషికి మనిషి చెప్పాలి. కొత్తగా చేరినవాళ్లనూ ఆడవాళ్లనూ వాళ్లలో వాళ్లే పిలిస్తే వస్తారు. మీరు పిలిస్తే "చూస్తాం సార్" అంటారు. దాని అర్థం మీకు తెలుసు.

మెట్టు 4: ప్రశ్నలు ముందే పోగుచేయండి

అందరూ తేలిగ్గా తీసేసే మెట్టు ఇది. ఈ రాతలో మిగతావన్నీ మర్చిపోయినా ఇది పట్టుకోండి.

మా రెండోసారి ఇలా జరిగింది. ముప్పై ఐదు మంది వచ్చారు. "అడగండి" అన్నాం. ఎవరూ అడగలేదు. రెండు నిమిషాలు టీ చప్పుడే. ఆ తర్వాత సీనియర్ ఒకాయన లేచి 1990ల నుంచి మొదలుపెట్టాడు. నలభై నిమిషాలు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, కానీ అడగాలని వచ్చినవాళ్ల ప్రశ్న అది కాదు.

కొత్తవాడు నలుగురిలో లేచి "నా జీతం తక్కువ పడింది, ఎందుకు?" అని అడగడు. రేపు కాంట్రాక్టు రెన్యువల్ కాగితం మీద సంతకం పెట్టేవాడి చెవిన పడితే? అందుకే పెట్టె. వారం ముందు నుంచి పెట్టెను జిరాక్స్ షాపులోనో క్యాంటీన్‌లోనో, నమ్మకమున్న చోట పెట్టండి. ఆఫీసు ఎదురుగా పెట్టకండి. చేతిరాత గుర్తుపడతారని భయపడేవాళ్లు మీకు ఫోన్ చేసి చెప్తే మీరే చీటీ రాసి వేయండి.

ఇప్పుడు రంగుల సంగతి. తిరుపతి ఒకే ఊరు, కానీ మన యజమానులు ఒకరు కాదు. 1954లో పెట్టిన ఎస్వీ యూనివర్సిటీ, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2005లో వచ్చిన వెటర్నరీ యూనివర్సిటీ రాష్ట్ర ప్రభుత్వం కిందివి. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్కృత విశ్వవిద్యాలయం కేంద్రం కిందివి. రాష్ట్రం వాళ్లు పసుపు చీటీ, కేంద్రం వాళ్లు తెల్ల చీటీ వాడాలి. సమాచార హక్కు (స.హ.) చట్టం అప్పీలు చివరికి ఏ కమిషన్‌కు పోతుంది, జీతం ఏ ఉత్తర్వు మీద నడుస్తుంది, అన్నీ దీన్నిబట్టే మారతాయి. రంగు చూడకుండా జవాబు చెప్తే సగం మందికి తప్పు చెప్పినట్టే.

రెండు రోజుల ముందు పెట్టె తెరిచి చీటీలను మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప: జవాబు మనకు తెలిసినవి. రెండోది: కనుక్కోవాల్సినవి. మూడోది: నలుగురిలో మాట్లాడకూడనివి. వేధింపు, ఒకరి మీద ఫిర్యాదు, ఆరోగ్యం, ఇంటి సంగతులు ఇందులోకి వస్తాయి. ఈ మూడో కుప్పను చదివినవాళ్లు ఇద్దరికి మించకూడదు.

పెట్టెలో ఐదు చీటీలే పడ్డాయా? ఫర్వాలేదు. మీకు ఫోన్లో ఎప్పుడూ వచ్చే ప్రశ్నలు మరో ఐదు మీరే రాసి కలపండి. దొంగతనం కాదిది, పొయ్యి రాజేయడానికి పుల్లలు పేర్చడం లాంటిది.

మెట్టు 5: జవాబుల కాగితం

ఎక్కడ పెట్టినా పది ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. వాటికి ముందే ఒక పేజీ రాసుకోండి. మా కాగితంలో ఉన్నవి కొన్ని ఇక్కడ ఇస్తున్నాను. మీ ఆర్డర్ కాపీలతో సరిచూసుకోకుండా దించేయకండి.

"యూనియన్‌లో చేరితే తప్పా?" కాదు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19(1)(సి)లో ఉంది. కానీ ఇక్కడితో ఆపేస్తే అడిగినవాళ్లను మోసం చేసినట్టే. వాళ్ల అసలు భయం రెన్యువల్ ఆగిపోతుందని. సభ్యుల జాబితా ఎవరి దగ్గర ఉంటుందో, ఎవరికి చూపించరో కూడా చెప్పండి.

"లేబర్ కోర్టుకు పోవచ్చా?" పాఠం చెప్పేవాళ్లు చట్టం చెప్పే వర్క్‌మెన్ (కార్మికులు) కిందికి రారని సుప్రీంకోర్టు 1988లో తేల్చింది. యూనివర్సిటీ ప్రభుత్వ సంస్థ అయితే మామూలుగా వెళ్లేది హైకోర్టుకు, రిట్ మీద. ఇంతవరకే చెప్పి, మిగతాది లాయర్ని అడగమనండి.

"యూజీసీ 50,000 ఇవ్వమంది కదా?" ఈ ఒక్క మాట చుట్టూ ఉన్నన్ని పుకార్లు ఇంకే మాట చుట్టూ లేవు. 2019 జనవరిలో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడ్‌కు 1,500, నెలకు గరిష్ఠంగా 50,000 అంది. చెప్పేటప్పుడు ఆ "గరిష్ఠంగా" అన్న మాటను అందరూ మింగేస్తారు. అది అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఉండాల్సిన అర్హతలున్న గెస్ట్ ఫ్యాకల్టీకి. మీ చేతికి ఎంత వస్తుందన్నది మీ యూనివర్సిటీ ఇచ్చిన ఉత్తర్వు చెప్తుంది.

"ఫెలోషిప్ ఎంత?" 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్) 42,000.

"రెగ్యులర్ ఎప్పుడు చేస్తారు?" దీనికి తేదీ చెప్పినవాడిని నమ్మకండి, మీరూ చెప్పకండి. ఎన్నేళ్లు పనిచేశాం అన్నదొక్కటే రెగ్యులర్ అయ్యే హక్కు ఇవ్వదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2006లో అంది. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016లో ఇంకో తీర్పు వచ్చింది. ఈ రెండూ వేర్వేరు సంగతులు. కలిపేసి మాట్లాడేవాళ్లు ఎక్కువ.

"ప్రసూతి సెలవు మాకు ఉందా?" మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలన్నది 2017లో వచ్చింది. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసిపోయినా ఆ ప్రయోజనం ఆపకూడదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఇది. కాగితం మీద ఉంటే చదువుకుని పోతారు.

"నా ఫైలు యాడుంది?" స.హ. చట్టం కింద దరఖాస్తు, పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. "నాకెందుకు జీతం ఇవ్వలేదు?" అని అడిగితే మొండిచేయి చూపిస్తారు. "ఫలానా తేదీన పంపిన ఫలానా ఫైలు ఏ రోజున ఏ టేబుల్ మీద ఉంది, నోట్‌షీటు కాపీ ఇవ్వండి" అని అడగాలి. నమూనా దరఖాస్తు కాగితం వెనక అచ్చు వేయించండి. మా దగ్గర ఎక్కువమంది ఇంటికి తీసుకుపోయింది ఆ వెనక పేజీనే.

ఒక హెచ్చరిక. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం పోయి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. యూనియన్ రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు ఉండాలన్నది అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మిగతా సెక్షన్ నంబర్లు మారాయి. బీరువాలో ఉన్న పాత కరపత్రం బయటికి తీసి చదివేయకండి.

కాగితం కింద తేదీ వేయండి. తేదీ లేని జవాబుల కాగితం రెండేళ్ల తర్వాత వాట్సాప్‌లో మళ్లీ తిరుగుతుంది, మీ పేరు మీదే.

మెట్టు 6: కూర్చోబెట్టడం, టీ

కుర్చీలను గుండ్రంగా వేయండి. వరసలు కడితే ముందు వరస నాయకులకు, వెనక వరస ఫోన్లు చూసుకునేవాళ్లకు. నడిపే మనిషి తలుపు పక్కన కూర్చుంటే ఆలస్యంగా వచ్చినవాళ్లకు తనే చీటీ ఇచ్చి కూర్చోబెట్టొచ్చు.

టీ మొదట ఇవ్వండి, చివర కాదు. చేతిలో కప్పు ఉంటే పక్కవాడితో మాట కలుస్తుంది. నాలుగుంబావుకు ఒకసారి, ఐదింటికి ఒకసారి. నలభై మందికి రెండు సార్లు టీ, మనిషికి రెండు వడలు వేసుకుంటే రెండు వేల లోపు అవుతుంది. టీ కొట్టాయనకు లెక్క ముందే చెప్పి పెట్టండి, అప్పటికప్పుడు నలభై టీలంటే సగం చల్లారి వస్తాయి. డబ్బుకు తలుపు దగ్గర ఒక డబ్బా పెట్టండి, ఇష్టమున్నవాళ్లు వేస్తారు. పోయినసారి ఒకామె దర్శనం చేసుకుని నేరుగా వచ్చి లడ్డూ విరిచి అందరికీ పెట్టింది. ఆ రోజు ఎవరూ గొంతు పెంచలేదు. కారణం అదేనని నేను చెప్పలేను గానీ, కాదనీ చెప్పను.

ఖర్చు మేం పెట్టుకుంటాం అని బయటివాళ్లు ముందుకొస్తే దండం పెట్టి వద్దనండి. ఒకసారి ఒక స్థానిక నాయకుడి మనుషులు "టిఫిన్లు మావి, అన్న ఐదు నిమిషాలు మాట్లాడి పోతాడు" అన్నారు. ఐదు నిమిషాలు గంటయింది. ఫొటోలు పేపర్లో వచ్చాయి. ఫొటోలో కనబడినవాళ్లు తర్వాతిసారి రాలేదు.

మెట్టు 7: నడపడం

మొదటి ఐదు నిమిషాల్లో మూడే మాటలు చెప్పండి. ఫొటోలు, రికార్డింగ్ వద్దు. ఎవరు ఏం అడిగారన్నది ఈ గది దాటకూడదు. ఐదున్నరకు లేస్తాం. స్వాగతోపన్యాసం వద్దు.

తర్వాత పెట్టెలోని చీటీ తీసి చదవండి. మొదటిది తేలికైనది, అందరికీ పనికొచ్చేది అయ్యుండాలి. మేం ఎప్పుడూ సెలవుల ప్రశ్నతో మొదలుపెడతాం. నాలుగైదు చీటీలయ్యాక "ఇంకెవరైనా?" అనండి. అప్పుడు చేతులు లేస్తాయి. లేచిన చేతులకు నంబరు టోకెన్లు ఇవ్వండి. టోకెను పట్టుకుని తమ వంతు కోసం కూర్చోవడం తిరుపతివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

ప్రశ్నకు ఒక నిమిషం, జవాబుకు మూడు. జవాబు చెప్పేవాళ్లు ముందు ప్రశ్నను తమ మాటల్లో తిరిగి చెప్పాలి: "అంటే మీరు అడిగేది, సెలవుల్లో పని చేయించుకుని డబ్బులు ఇవ్వలేదని, అంతేనా?" సగం గొడవలు ఇక్కడే ఆగిపోతాయి.

ప్రతి ప్రశ్నకూ ముగింపు మూడింట్లో ఒకటి ఉండాలి. ఇదిగో జవాబు. లేదా, తెలియదు, ఫలానా తేదీకి ఫలానా మనిషి చెప్తాడు. లేదా, ఇది యూనియన్ పని కాదు, ఫలానా చోటికి పొండి. "చూద్దాం", "మాట్లాడతాం", "పైన చెప్తాం" అన్నవి నోటి వెంట రాకూడదు.

"తెలియదు" అనడానికి మన సీనియర్లకు నామోషీ. ఊహించి చెప్పేస్తారు. ఊహించిన జవాబు పట్టుకుని ఒకబ్బాయి ఆఫీసుకు పోయి అడిగితే "ఎవురు చెప్పినారప్పా నీకు?" అని నవ్వారంట. వాడు మళ్లీ మన ముఖం చూడలేదు. తెలియదని చెప్పి, నోట్‌బుక్‌లో రాసి, తేదీ వేసి, ఆ పేజీని అడిగినవాళ్లకు చూపించండి.

ఇక ఉపన్యాసం అందుకునేవారి సంగతి. ప్రతి క్యాంపస్‌లో ఒకరుంటారు, తరచూ మంచివారే, చాలా తెలిసినవారే. ఆయన్ని ఆపడానికి నాకు పనికొచ్చిన దారి ఒకటుంది. ముందురోజే ఇంటికి వెళ్లి "సార్, పాత జీవోల సంగతి మీరే చెప్పాలి, మూడు నిమిషాలు మీకే" అని పని అప్పజెప్పడం. పని ఉన్నవారు వంతు కోసం ఆగుతారు. అప్పటికీ ఆగకపోతే "సార్, టోకెన్ పన్నెండు" అని గట్టిగా పిలవండి.

రెగ్యులర్ చేయడం గురించిన ప్రశ్న ఎప్పుడొచ్చినా చివరి ఇరవై నిమిషాలకు జరపండి. ముందే వదిలితే మిగతా చీటీలన్నిటినీ అదే మింగుతుంది.

ఎవరిదైనా పేరు పెట్టి తిట్టడం మొదలైతే అక్కడే ఆపండి. "ఆఫీసు" అనండి, "సెక్షన్" అనండి. మాటలు గోడలు దాటతాయి, దాటినప్పుడు దెబ్బ తినేది మాట్లాడిన పిల్లాడే.

మెట్టు 8: మూడో కుప్ప

వేధింపు, బెదిరింపు గురించిన చీటీలను చదవకండి, "ఇలాంటిదొకటి వచ్చింది" అని కూడా అనకండి. "విడిగా మాట్లాడాలనుకునేవాళ్లకు ఆరింటిదాకా మేడమ్ పక్క గదిలో ఉంటారు" అని మాత్రం అందరికీ ఒకేలా చెప్పండి. మేడమ్ అంటే ఇలాంటివి వినడానికి మీరు ముందే ఒప్పించుకున్న, నమ్మకమున్న ఒకామె. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి, మామూలుగా గడువు మూడు నెలలు. మేడమ్‌కు ఈ గడువు తెలిసి ఉండాలి. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది వేధింపుకు గురైన మనిషి నిర్ణయం, మీరు తొందరపెట్టకండి, సర్దుకుపొమ్మని అసలే అనకండి.

మెట్టు 9: లేచాక

ఐదున్నరకు నిజంగానే లేవండి. మాట సగంలో ఉన్నా సరే. మిగిలినవాళ్లు టీ కొట్టు దగ్గర మాట్లాడుకుంటారు. అక్కడే అసలు సంగతులు తెలుస్తాయి, ఒక చెవి అటు వేసి ఉంచండి.

రెండు రోజుల్లో గ్రూపులో అరపేజీ పెట్టండి: ప్రశ్న, జవాబు, అంతే. ఎవరు అడిగారో, ఎంతమంది వచ్చారో వద్దు. నోట్‌బుక్‌లో తేదీ వేసుకున్నవాటికి ఆ తేదీన కచ్చితంగా జవాబు ఇవ్వండి. కనుక్కోలేకపోతే ఆ తేదీనే "రిజిస్ట్రార్ ఆఫీసులో రెండుసార్లు అడిగాం, ఇంకా చెప్పలేదు, మళ్లీ ఫలానా రోజు చెప్తాం" అని రాయండి. జవాబు లేకపోయినా తేదీ తప్పకపోవడం జనం గమనిస్తారు. మా దగ్గర చందా కట్టేవాళ్లు పెరిగింది ఏదో పెద్ద డిమాండు సాధించడం వల్ల కాదు, ఈ తేదీల వల్లేనని నా లెక్క.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పైన కొన్ని చెప్పేశాను. మిగిలినవి ఇవి.

హాజరు పుస్తకంలో సంతకాలు తీసుకోవడం. అలవాటు కొద్దీ తిప్పుతారు. సంతకం చూడగానే సగంమంది లేస్తారు. తలలు లెక్కపెట్టుకుంటే చాలు.

జవాబు చెప్పేవాళ్లంతా ఒకే డిపార్ట్‌మెంటు, ఒకే వయసు, మగవాళ్లే కావడం. అలా ఉంటే ఆడవాళ్ల చీటీలు పెట్టెలో పడవు.

అర్హతల ప్రశ్న వచ్చినప్పుడు నెట్ (అధ్యాపకుల జాతీయ అర్హత పరీక్ష) ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అని గదిని రెండుగా చీల్చేయడం. జవాబుల కాగితం చూపించి ముందుకు పొండి.

ఆన్‌లైన్‌లో పెట్టేసి చేయి దులుపుకోవడం. కుప్పంలోనో మదనపల్లెలోనో ఉన్నవాళ్లకు వేరే దారి లేకపోతే సరే, పెట్టండి. అప్పుడు ప్రశ్నలను ఒక మనిషికి విడిగా పంపమనండి, పేరు తీసేసి ఆ మనిషే చదవాలి. స్క్రీన్‌షాట్లను మాత్రం మీరు ఆపలేరు, ఆ సంగతి మొదటే చెప్పండి.

ముగ్గురే వచ్చారని రద్దు చేయడం. చేయకండి. ముగ్గురితోనే కూర్చుని టీ తాగండి, పెట్టెలోని చీటీలు చదవండి, అరపేజీ గ్రూపులో పెట్టండి. మా మూడోదానికి వచ్చింది ఆరుగురు. నాలుగోదానికి కుర్చీలు చాలలేదు.

బాగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

చప్పట్లను బట్టి చూడకండి. ఆ రాత్రే నోట్‌బుక్ తెరిచి ఇవి చూసుకోండి.

మాట్లాడినవాళ్లలో యూనియన్ పదవి లేనివాళ్లు ఎంతమంది? సగానికి తక్కువైతే మీటింగు పెట్టినట్టే, ప్రశ్నల సాయంత్రం కాదు.

"తెలియదు" ఎన్నిసార్లు రాశారు? ఒక్కటీ లేకపోతే ఎవరో ఊహించి చెప్పారు. ఏది ఊహో వెతికి పట్టుకుని మర్నాడే సవరించండి.

లేచాక మీకు విడిగా ఎన్ని ఫోన్లు వచ్చాయి? నాలుగైదు వస్తే మంచిదే, నమ్మకం కుదిరింది. పది దాటితే నలుగురిలో అడగడానికి ఇంకా భయం ఉందన్నమాట, తర్వాతిసారి చోటు మార్చండి.

నెల తర్వాత పెట్టెలో అవే చీటీలు మళ్లీ పడుతున్నాయా? పడితే జవాబుల కాగితం అర్థం కాలేదు. కొత్తగా చేరినవాళ్లలో ఒకరి చేత చదివించి, వాళ్లు ఎక్కడ ఆగారో అక్కడ తిరగరాయండి.

చివరిగా, నోట్‌బుక్‌లో గడువు దాటిపోయిన తేదీలు ఎన్ని ఉన్నాయో చూడండి. రెండు కన్నా ఎక్కువుంటే తర్వాతి సాయంత్రానికి పిలుపు పంపకండి, ముందు అవి తీర్చండి.